మూత తీసిన సర్వర్

(హైదరాబాద్‌లో చిన్న, మధ్య తరహా వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, ఎండలో ఇంత దూరం వచ్చిన వ్యాపార మిత్రులందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద ఉన్న యంత్రాన్ని ఇందాక ఇద్దరం చెరోవైపు పట్టుకుని వేదిక మీదికి తెచ్చాం. ఇది సర్వర్, అంటే ఆఫీసులోని మిగతా కంప్యూటర్లన్నీ సమాచారం కోసం ఆధారపడే కంప్యూటర్. డిస్కులన్నీ నింపితే ఇలాంటిది ముప్పై కిలోల దాకా తూగుతుంది కాబట్టి, ఒక్కడినే ఎత్తే సాహసం నేను మానుకుని చాలాకాలమైంది. ఈ నగరంలో ఆఫీసులకు, ఆసుపత్రులకు, గోదాములకు సర్వర్లు బిగించడం, చెడితే బాగుచేయడం నా వృత్తి. కొనేటప్పుడు జరిగే సంభాషణ దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, డిస్కు ఎంత, ధర ఎంత అని అడుగుతారు. ఆ నాలుగు జవాబులూ విన్నాక, ఇంతే ర్యామ్‌తో ఇంతే డిస్కుతో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కు వెళ్తే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఇందులో మూడో వంతు ధరకే కంప్యూటర్ కట్టి ఇస్తారు కదా, దీనికింత ఎందుకు పెట్టాలి అంటారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పడానికే ఈ యంత్రం మూత తీసి పెట్టాను.

దీన్ని రూపొందించినవాళ్లు ఇందులోని ప్రతి భాగమూ ఏదో ఒక రోజు చెడిపోతుందని ముందే ఒప్పుకుని, చెడిపోయిన రోజున మీ కౌంటర్ దగ్గర బిల్లు ఆగకుండా ఉండాలంటే ఏం చేయాలన్న లెక్కతో పని మొదలుపెట్టారు. అందుకే ఇందులో ముఖ్యమైనవన్నీ జంటలుగానో, ఒకటి అదనంగానో కనిపిస్తాయి. అయితే నేను మరమ్మతుకు వెళ్లిన చోట్ల ఎక్కువగా చూసింది ఏమిటంటే, తయారీదారు జంటగా ఇచ్చినదాన్ని మన గదిలో మనమే ఒంటరి చేసి పెట్టుకున్నాం. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. గాలి ఈ పెట్టెలోకి ముందునుంచి ఎలా వెళ్లి వెనుకనుంచి బయటికి వస్తుందో ఆ వరుసలోనే భాగాలన్నీ చూపిస్తాను.

ముందు పెట్టె కొలతల గురించి. 19 అంగుళాల వెడల్పు రాక్ కంప్యూటర్ల కంటే పాతది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో పరికరాలను బిగించడానికి పుట్టిన చట్రాన్ని తరువాత కంప్యూటర్లవాళ్లు తీసుకున్నారు. మన నగరంలో కుషాయిగూడ దగ్గర 1967లో మొదలైన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఇ.సి.ఐ.ఎల్., టీడీసీ పేరుతో కంప్యూటర్లు తయారుచేసిన రోజుల్లో ఒక్కో యంత్రం బీరువాలంత ఉండేది. ఇప్పుడు అంతటి బీరువాలో ఇలాంటివి ఇరవై పడతాయి. ఎత్తును ‘యూ’ అనే కొలతతో లెక్కిస్తారు. ఒక యూ అంటే 1.75 అంగుళాలు, అంటే 44.45 మిల్లీమీటర్లు. నిలువెత్తు రాక్‌లో మామూలుగా 42 యూలు ఉంటాయి. ఈ యంత్రం రెండు యూల ఎత్తు ఉంది కాబట్టి దీన్ని 2యూ సర్వర్ అంటారు. రాక్ నిలువు పట్టీల మీద ఒక్కో యూకు మూడు చదరపు రంధ్రాలు ఉంటాయి గానీ, వాటి మధ్య దూరాలు సమానం కావు. రెండు దూరాలు దాదాపు 15.9 మిల్లీమీటర్లయితే, మూడోది 12.7 మాత్రమే. ఆ ఇరుకు దగ్గరే ఒక యూ ముగిసి తరువాతిది మొదలవుతుంది. ఈ సంగతి తెలియక ఒక రంధ్రం పైకో కిందికో పట్టాలు బిగించి, సర్వర్ లోపలికి జారడం లేదని అర్ధరాత్రి దాకా కుస్తీ పట్టే కుర్రవాళ్లను చూశాను. మొదటి ఏడాది నేనూ పట్టాను.

వెడల్పు, ఎత్తు ప్రమాణాల్లో ఉన్నాయి కాబట్టి అక్కడ ఇబ్బంది రాదు. లోతు దగ్గరే మోసపోతాం. నెట్‌వర్క్ కేబుళ్లన్నీ కలిసే స్విచ్ అనే పెట్టె కోసం గోడకు బిగించిన చిన్న రాక్ మీ ఆఫీసులో ఇప్పటికే ఉంటే, సర్వర్ కూడా అందులోనే పెడదామనిపిస్తుంది. ఆ రాక్ లోతు 450 లేదా 600 మిల్లీమీటర్లు ఉంటుంది. ఈ యంత్రం పొడవు 700 దాటుతుంది, వెనుక కేబుళ్లు వంగడానికి మరో జానెడు చోటు కావాలి. అందువల్ల సర్వర్‌కు ఆర్డర్ ఇచ్చేముందు టేపు పట్టుకుని లోతు కొలవండి. బరువైన యంత్రాలను రాక్ అడుగున పెట్టించండి, రెండు యంత్రాలను ఒకేసారి పట్టాల మీద బయటికి లాగనివ్వకండి. అలా లాగితే రాక్ మొత్తం ముందుకు ఒరిగే ప్రమాదం ఉంది.

ఇప్పుడు యంత్రం ముఖం చూద్దాం. గాలి లోపలికి వచ్చేది ఇక్కడే, డిస్కులు ఉండేదీ ఇక్కడే. 2యూ పెట్టె ముందుభాగంలో 3.5 అంగుళాల డిస్కులైతే పన్నెండు, 2.5 అంగుళాలవైతే ఇరవైనాలుగు దాకా పడతాయి. ప్రతి డిస్కూ ఒక ట్రేలో కూర్చుని ఉంటుంది. ట్రే మీది మీట నొక్కి, యంత్రం నడుస్తుండగానే డిస్కును బయటికి తీసి కొత్తది పెట్టవచ్చు. నడుస్తుండగా తీయదగిన భాగాల పిడికి చాలా కంపెనీలు ఇటుక రంగో, ఎరుపు దగ్గరి రంగో వేస్తాయి. యంత్రం ఆపి మూత తీశాక మాత్రమే పట్టుకోవలసిన చోట్లకు నీలం వేస్తాయి. మూత తీసినప్పుడు మరమ్మతుకు వచ్చిన మనిషి చేయి ఏ రంగు మీదికి వెళ్తోందో గమనించండి, అతనికి పని వచ్చో రాదో తెలిసిపోతుంది.

డిస్కులను జంట చేసే పద్ధతికి రెయిడ్ అని పేరు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు 1988లో ఒక పరిశోధన పత్రం రాశారు. ఒక పెద్ద ఖరీదైన డిస్కుకు బదులు చాలా చవక డిస్కులను కలిపి వాడితే వేగం పెరుగుతుందని, ఒకటి పోయినా సమాచారం పోకుండా చూసుకోవచ్చని వాళ్లు చూపించారు. రెయిడ్ 1లో రెండు డిస్కుల మీద ఒకే సమాచారం ఉంటుంది. రెయిడ్ 5లో కొన్ని డిస్కులలో ఏ ఒక్కటి పోయినా మిగతావాటి నుంచి దాన్ని లెక్కగట్టి తిరిగి పొందవచ్చు. రెయిడ్ 6 రెండింటి నష్టాన్ని తట్టుకుంటుంది. రెయిడ్ 10 ఇలాంటి జంటలు కొన్నిటిని చేర్చి, సమాచారాన్ని వాటి మధ్య పంచే పద్ధతి. స్థలం ఆదా అవుతుంది కదా అని చాలామంది రెయిడ్ 5 అడుగుతారు. పెద్ద డిస్కులకు నేను దాన్ని సిఫారసు చేయను, కారణం చిన్న లెక్క. 16 టెరాబైట్ల డిస్కు ఒకటి పోయి కొత్తది పెట్టారనుకోండి. సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున నిరంతరాయంగా నింపినా 80,000 సెకన్లు, అంటే 22 గంటలకు పైగా పడుతుంది, అది కూడా మీ సిబ్బంది ఎవరూ సర్వర్‌ను ముట్టుకోకపోతేనే. ఆ సమయమంతా మిగిలిన డిస్కులు ఆపకుండా చదవబడుతూ ఉంటాయి. అవన్నీ ఒకే రోజు, ఒకే పెట్టెలోంచి వచ్చి, ఒకే గదిలో అన్ని ఏళ్లూ తిరిగిన ఒకే ఈడు డిస్కులు. మొదటిది అలసిపోయిన వయసులోనే రెండోదీ ఉంటుందని మరిచిపోకూడదు.

రెయిడ్ ఉంది కాబట్టి బ్యాకప్ అక్కరలేదనే మాట కూడా నాకు తరచుగా వినిపిస్తుంది. రెయిడ్ డిస్కు చావును మాత్రమే ఓర్చుకుంటుంది. మీ గుమాస్తా పొరపాటున చెరిపేసిన ఫైలును అది రెండు డిస్కుల మీదా అంతే శ్రద్ధగా చెరిపేస్తుంది. బ్యాకప్ మరో యంత్రంలో, వీలైతే మరో భవనంలో ఉండాలి.

డిస్కులను నడిపే రెయిడ్ కార్డు మీద కొంత జ్ఞాపకశక్తి ఉంటుంది. మీ సాఫ్ట్‌వేర్ రాసిన సమాచారాన్ని కార్డు ముందు అందులో ఉంచుకుని, రాయడం పూర్తయిందని వెంటనే జవాబిచ్చి, డిస్కు మీద తీరికగా రాస్తుంది. ఈలోగా కరెంటు పోతే ఆ సమాచారాన్ని కాపాడడానికి కార్డుకు చిన్న బ్యాటరీయో, కాసేపు కరెంటును నిలవ ఉంచే కెపాసిటరో తగిలించి ఉంటుంది. నాలుగైదేళ్లకు ఆ బ్యాటరీ నీరసిస్తుంది. అప్పుడు కార్డు జాగ్రత్తపడి, ప్రతి ముక్కనూ డిస్కు మీద రాసిన తరువాతే జవాబివ్వడం మొదలుపెడుతుంది. మీకు కనిపించేది మాత్రం, నిన్నటి దాకా చకచకా నడిచిన ఖాతాల సాఫ్ట్‌వేర్ ఈరోజు ఈడుస్తోందన్నదే. సాఫ్ట్‌వేర్ కంపెనీకి వారం రోజులు ఫోన్లు చేసి, చివరికి నన్ను పిలిచినవాళ్లు ఉన్నారు. ఆ బ్యాటరీ మార్చడానికి కావలసింది పావుగంట. వ్యాపారాలకు అమ్మే ఎస్ఎస్‌డీల్లో, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీదే రాసే డిస్కుల్లో కూడా ఇలాంటి కెపాసిటర్లే లోపల ఉంటాయి. బజారులో దొరికే చవక ఎస్ఎస్‌డీకి, సర్వర్ ఎస్ఎస్‌డీకి ధరలో ఉన్న తేడాలో కొంత వాటిది, కొంత ఎన్నిసార్లు తిరగరాసినా తట్టుకునే ఓపికది.

డిస్కులు దాటి గాలి ఫ్యాన్ల దగ్గరికి వస్తుంది. ఈ వరుసలో ఆరు ఫ్యాన్లు ఉన్నాయి, ఒక్కొక్కటి దాదాపు 60 మిల్లీమీటర్లు. ఏదైనా ఒకటి ఆగిపోతే మిగిలినవి వేగం పెంచి దాని పనిని పంచుకుంటాయి. 1యూ సర్వర్‌లో ఎత్తు చాలదు కాబట్టి 40 మిల్లీమీటర్ల ఫ్యాన్లే పడతాయి. అవి అంతే గాలిని తోయాలంటే నిమిషానికి 15,000 చుట్లు దాటి తిరగవలసి వస్తుంది. ఫ్యాన్ వేగం రెట్టింపయితే గాలి రెట్టింపవుతుంది గానీ, అది తినే కరెంటు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే స్థలానికి అద్దె కట్టే పెద్ద డేటా సెంటర్ కాకుండా సొంత ఆఫీసు గదిలో పెట్టుకునేవాళ్లకు నేను 2యూ మంచిదంటాను. చప్పుడు తగ్గుతుంది, కరెంటు తగ్గుతుంది, లోపల చేయి పెట్టడానికి చోటు ఉంటుంది. గది గోడ అవతలే అకౌంటెంటు కూర్చునే చోట 1యూ పెట్టించిన యజమానికి, వారం తిరగకముందే ఆ అకౌంటెంటు నుంచి ఫిర్యాదు వస్తుంది.

ఫ్యాన్ల తరువాత కనిపిస్తున్న ఈ నల్లటి ప్లాస్టిక్ తొడుగును గాలి దారి అనుకోండి. ఇది గాలిని చెదరనివ్వకుండా ప్రాసెసర్ల మీదికి, ర్యామ్ మీదికి నడిపిస్తుంది. ఖాళీ డిస్కు చోట్లలో పెట్టిన ఉత్తి ట్రేలు, ఖాళీ ర్యామ్ చోట్లలో పెట్టిన ప్లాస్టిక్ ముక్కలు చేసే పనీ ఇదే. లోపల ఏమీ లేని డొల్ల ట్రే కదా అని తీసి పారేసినవాళ్లున్నారు. అప్పుడు గాలి సులువైన కంతలోంచి పోయి, వేడెక్కిన భాగాన్ని తాకకుండానే వెనక్కి వెళ్లిపోతుంది. మూత తీసి బల్లఫ్యాన్ పెడితే చల్లబడుతుందనుకోవడం కూడా ఇలాంటిదే. ఈ యంత్రానికి మూత గాలి గొట్టంలో ఒక గోడ లాంటిది, అది లేకుండా ఎక్కువసేపు నడపకూడదు.

ఇప్పుడు తొడుగు తీస్తున్నాను. ఇవి రెండు ప్రాసెసర్లు, వాటి మీద వేడిని లాగే లోహపు రేకుల దిమ్మలు. వ్యాపార సర్వర్లలో సాధారణంగా ఇంటెల్ జియాన్ గానీ, ఏఎండీ ఎపిక్ గానీ ఉంటాయి. ఎపిక్ 2017లో వచ్చింది. 2022లో దాని నాలుగో తరం వచ్చినప్పుడు ఒక్క ప్రాసెసర్‌లోనే 96 కోర్ల దాకా, అంటే విడివిడిగా లెక్కలు చేసే భాగాలు అన్ని, ఉన్నాయి. పై తరగతి ప్రాసెసర్లు ఇప్పుడు ఒక్కొక్కటి 350 వాట్లకు మించిన వేడిని విడుస్తున్నాయి. కానీ మనలాంటి వ్యాపారాలకు అన్ని కోర్లు అవసరమా అన్నది వేరే ప్రశ్న. విండోస్ సర్వర్ లైసెన్సును కోర్ల లెక్కన కొనాలి, యంత్రానికి కనీసం 16 కోర్లకు కట్టవలసిందే. అంతకు మించిన ప్రతి కోరుకూ హార్డ్‌వేర్ ధరతో పాటు లైసెన్సు ధర కూడా పెరుగుతుందని తెలుసుకుని ఎంచుకోండి. నూరు మంది లోపు వాడే బిల్లింగు, స్టాకు, ఫైళ్ల పనికి నేను చూసినంతలో ముందుగా చాలకుండా పోయేవి డిస్కు వేగమూ, ర్యామూ. ప్రాసెసర్ ఎక్కువ సమయం ఖాళీగానే కూర్చుంటుంది.

రెండు ప్రాసెసర్ల పెట్టె కొని, ప్రస్తుతానికి ఒకటే వేయించుకుని తరువాత చూద్దామనుకునేవారు ఒక విషయం గమనించాలి. ఇందులో సగం ర్యామ్ చోట్లు, వెనుక కార్డులు పెట్టే చోట్లలో కొన్ని రెండో ప్రాసెసర్‌కే కలిపి ఉంటాయి. అది లేకపోతే అవి పనిచేయవు. కార్డు కొని తెచ్చి, ఖాళీగా ఉన్న చోటులో పెట్టి, ఎందుకు కనిపించడం లేదని తల పట్టుకునే పరిస్థితి రాకుండా ముందే పటం చూసుకోవాలి. ఆ పటం చాలా సర్వర్లలో మూత లోపలి వైపునే అతికించి ఉంటుంది, ఇదిగో ఇక్కడ ఉంది.

ర్యామ్ గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ధరల తేడా అడిగినవారికి ఇక్కడ దొరికినంత మంచి జవాబు మరెక్కడా దొరకదు. మామూలు కంప్యూటర్ ర్యామ్‌లో ఒక బిట్ తలకిందులైతే, అంటే 0 ఉన్న చోట 1 పడితే, యంత్రానికి ఆ సంగతి తెలియదు. విశ్వకిరణాల వల్లనో, చిప్‌లో లోపం వల్లనో, కరెంటు ఒడుదొడుకుల వల్లనో ఇది అప్పుడప్పుడు జరుగుతుంది. బొమ్మలో ఒక చుక్క రంగు మారితే ఎవరూ పట్టించుకోరు, కానీ చీటీ మీది మొత్తంలో ఒక అంకె మారితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రిచర్డ్ హ్యామింగ్‌కు రిలేలనే విద్యుత్ మీటలతో నడిచే కంప్యూటర్ వారాంతాల్లో మాత్రమే దొరికేది. ఎవరూ లేని సమయంలో యంత్రానికి ఒక తప్పు ఎదురైతే ఆ పనిని వదిలేసి తరువాతి పనికి వెళ్లిపోయేది. సోమవారం వచ్చి చూస్తే ఫలితం ఉండేది కాదు. తప్పు ఉందని పట్టుకోగలిగిన యంత్రం అది ఎక్కడుందో కనుక్కుని ఎందుకు దిద్దుకోలేదు అన్న చికాకుతో ఆయన ఆలోచించిన పద్ధతి 1950లో ప్రచురితమైంది. సర్వర్లలో వాడే, తప్పులు దిద్దుకునే ఈసీసీ ర్యామ్‌కు పునాది అదే. అందులో ప్రతి 64 బిట్ల సమాచారానికి 8 బిట్ల సరిచూపు తోడుగా ఉంటుంది. ఒక బిట్ తప్పితే అది ఏదో కనిపెట్టి అప్పటికప్పుడు దిద్దుతుంది, రెండు తప్పితే దిద్దలేకపోయినా తప్పు జరిగిందని చెబుతుంది. ఇప్పుడు వస్తున్న డీడీఆర్5 సర్వర్ ర్యామ్‌లో ప్రతి 32 బిట్లకే 8 బిట్ల తోడు ఉండేలా చేశారు. చాలా సర్వర్లు ఒక చిప్ మొత్తం పోయినా తట్టుకునే పద్ధతులను కూడా అమర్చుతాయి.

ఇక్కడ కూడా మనం చేసే పొరపాటు ఒకటి ఉంది. ప్రాసెసర్‌కు ర్యామ్ వైపు ఎనిమిదో పన్నెండో దారులు ఉంటాయి. 128 గిగాబైట్లు కావాలంటే ఒక్కటే పెద్ద ర్యామ్ కర్ర (స్టిక్) పెట్టి తరువాత పెంచుకుందామనుకుంటే, మిగిలిన దారులన్నీ ఖాళీగా ఉండిపోతాయి. ఎనిమిది వరసల రోడ్డు వేసి ఒక్క వరసలోనే బండ్లను పంపినట్టవుతుంది. చిన్న కర్రలు ఎక్కువ సంఖ్యలో, పటంలో చూపిన వరుసలో పెట్టించండి.

వెనుకవైపుకు వస్తే కార్డుల చోట్లు, నెట్‌వర్క్ పోర్టులు ఉన్నాయి. వీటి గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. కనీసం రెండు పోర్టులను రెండు వేర్వేరు స్విచ్‌లకు కలపండి. ఒకే స్విచ్‌కు కలిపితే పోర్టు జంట అయింది, స్విచ్ ఒంటరిగా ఉండిపోయింది. ఒక చిన్న విచిత్రం మాత్రం చెబుతాను. తయారీదారు జాబితాలో లేని కార్డును పెడితే కొన్ని సర్వర్లు దాని వేడి ఎంతో తెలియక భయపడి ఫ్యాన్లన్నిటినీ పెద్ద వేగానికి పెంచేస్తాయి. చప్పుడు విని యంత్రం చెడిందనుకోకండి.

ఇక పవర్ సప్లైలు. ఈ వెనుక మూలల్లో కనిపిస్తున్న రెండూ అవే. మామూలు రోజుల్లో రెండూ బరువును సగం సగం మోస్తాయి. ఒకటి పోతే రెండోది మొత్తం మోస్తుంది, పోయినదాన్ని యంత్రం ఆపకుండా మార్చవచ్చు. వీటి సామర్థ్యానికి 80 ప్లస్ అనే కొలమానం ఉంది. దాని ప్లాటినం తరగతిలో సగం బరువు దగ్గర 94 శాతం, టైటానియం తరగతిలో 96 శాతం కరెంటు పనికి వెళ్తుంది, మిగిలింది అక్కడే వేడిగా పోతుంది. సగటున 400 వాట్లు తీసుకునే సర్వర్ ఏడాదికి 3,500 యూనిట్లు తాగుతుంది కాబట్టి రెండు శాతం తేడా కూడా ఐదేళ్లలో లెక్కకు వస్తుంది. కొనేటప్పుడు చూడవలసిన మరో సంగతి ఉంది. రెండు 800 వాట్ల సప్లైలు ఉన్న యంత్రంలో తరువాత డిస్కులు, కార్డులు చేర్చుకుంటూ పోయి 950 వాట్లకు చేరుకుంటే, దీపాలన్నీ పచ్చగానే వెలుగుతుంటాయి గానీ జంట అనేది అప్పటికే లేనట్టే. ఒకటి ఆగిన క్షణాన రెండోది మొత్తం మోయలేదు, యంత్రం వేగం బలవంతంగా తగ్గించుకోవడమో, ఆగిపోవడమో జరుగుతుంది.

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం జీడిమెట్లలో ఒక మందుల తయారీ యూనిట్‌లో సర్వర్ బిగించాను. రెండు పవర్ సప్లైలు, రెండు కేబుళ్లు, అన్నీ శుభ్రంగా కట్టాను. రెండు కేబుళ్లనూ రాక్‌లో ఉన్న ఒకే ప్లగ్గుల పట్టీలో గుచ్చాను. ఆ పట్టీకి ఒకే ఎంసీబీ, అంటే బరువు ఎక్కువైతే కరెంటు ఆపే మీట. కొన్ని నెలల తరువాత అదే పట్టీలో ఎవరో వాక్యూమ్ క్లీనర్ పెట్టారు, ఎంసీబీ పడిపోయింది, పగటి షిఫ్టు మధ్యలో సర్వర్ ఆగింది. యంత్రంలో ఏ లోపమూ లేదు. ఆ యజమాని నన్ను ఏమీ అనలేదు, రెండు సప్లైలకు డబ్బు ఎందుకు కట్టించారు అని మాత్రం అడిగారు. అప్పటినుంచి ఒక కేబుల్ ఒక యూపీఎస్‌కు, రెండోది మరో యూపీఎస్‌కు వెళ్లాలని పట్టుబడుతున్నాను. రెండో యూపీఎస్‌కు స్తోమత లేకపోతే రెండో కేబుల్ కనీసం వేరే సర్క్యూట్ నుంచి నేరుగా గోడలోకి వెళ్లినా మంచిదే. అప్పుడు యూపీఎస్ తానే చెడిపోయిన రోజున సర్వర్ నిలబడుతుంది.

ఇంట్లో ఫ్యాన్లకు, లైట్లకు వాడే ఇన్వర్టర్‌ను సర్వర్‌కు పెట్టకండి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, ఒక్క ఆవృత్తి 20 మిల్లీసెకన్లు. కరెంటు ఆగినప్పుడు పవర్ సప్లై ఊపిరి బిగబట్టి ఉండగలిగేది దాదాపు అంతటి కాలమే, ఇన్వర్టర్ బ్యాటరీకి మారడానికి అంతకంటే ఎక్కువ పట్టవచ్చు. ఆన్‌లైన్ అనే రకం యూపీఎస్‌లో కరెంటు పోయినప్పుడు మారడమన్నదే ఉండదు, ఎప్పుడూ బ్యాటరీ వైపునుంచే నడుస్తుంది. ఎర్తింగ్‌ను కూడా ఏడాదికోసారి చూపించండి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు దాటితే యూపీఎస్ పెట్టేవాళ్లే ముందు ఎర్తింగ్ సరిచేయించుకోమంటారు, వాళ్ల మాట వినండి.

ఇక గది. శీతలీకరణ ఇంజినీర్ల సంఘం ఆష్రే సర్వర్ లోపలికి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని సూచిస్తుంది. చాలా సర్వర్లు 35 డిగ్రీల దాకా ఓర్చుకునేలా తయారవుతాయి. సముద్రమట్టం నుంచి ఎత్తు పెరిగిన కొద్దీ గాలి పలచబడి ఈ పరిమితి తగ్గుతుంది గానీ, అది 900 మీటర్లు దాటాక మాట. మనం దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉన్నాం కాబట్టి ఆ బెంగ లేదు. మన బెంగ మే నెల. బయట 42 డిగ్రీలున్నప్పుడు మెట్ల కింది గదిలో ఏసీ ఆగితే ఆ 35 డిగ్రీలు దాటడానికి ఎంతసేపు పడుతుందో ఊహించుకోండి. ఒక టన్ను ఏసీ దాదాపు 3.5 కిలోవాట్ల వేడిని తీయగలదు, మన ఒక్క సర్వర్ విడిచేది అర కిలోవాటు కూడా ఉండదు. లెక్క ప్రకారం ఏసీ చాలినంత ఉన్నట్టే. కానీ రాత్రి పదింటికి కరెంటు పోతుంది. యూపీఎస్ ఉంది కాబట్టి సర్వర్ ఆగదు. పది నిమిషాలకు కరెంటు వస్తుంది. రిమోట్‌తో మాత్రమే ఆన్ అయ్యే ఏసీ మాత్రం మళ్లీ మొదలవదు, రిమోట్ వాచ్‌మన్ దగ్గర ఉండదు. పొద్దున్నే తలుపు తీస్తే లోపలినుంచి వేడి గాలి ముఖాన కొడుతుంది. అందుకే సర్వర్ గదికి ఏసీ కొనేటప్పుడు టన్నుల కంటే ముందు, కరెంటు వచ్చాక దానంతట అదే మొదలవుతుందా అని అడగండి. రెండు చిన్న ఏసీలు ఒక పెద్ద ఏసీ కంటే మేలు. రాక్‌లో ఖాళీ యూలను పలకలతో మూయించండి, లేకపోతే వెనుకకు వెళ్లిన వేడి గాలి ఆ కంతల్లోంచి తిరిగి ముందుకే వస్తుంది.

అలాంటి రాత్రి మీకు తెలియజేసే భాగం ఈ మూలన ఉన్న చిన్న చిప్. దీన్ని బీఎంసీ అంటారు. ఇది సర్వర్ లోపల ఉన్న మరో చిన్న కంప్యూటర్, దానికి సొంత నెట్‌వర్క్ పోర్టు ఉంటుంది. సర్వర్ ఆపేసి ఉన్నా కేబుల్‌లో కరెంటు ఉంటే ఇది మేలుకునే ఉంటుంది. లోపలికి వచ్చే గాలి వేడి ఎంత, ఏ ఫ్యాన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఏ ర్యామ్ కర్రలో ఈసీసీ ఎన్నిసార్లు తప్పులు దిద్దింది, ఏ డిస్కు నీరసిస్తోంది అన్నవన్నీ రాసిపెట్టుకుని మీకు ఈమెయిల్ పంపగలదు. ఇంట్లో కూర్చుని సర్వర్‌ను ఆన్ చేయవచ్చు, తెర చూడవచ్చు, ఆపరేటింగ్ సిస్టం కూడా ఎక్కించవచ్చు. ఒక్కో కంపెనీ దీన్ని ఐడ్రాక్ అనో, ఐలో అనో తన పేరుతో పిలుస్తుంది. 1998లో వచ్చిన ఐపీఎంఐ, 2015 నుంచి వచ్చిన రెడ్‌ఫిష్ అనే ప్రమాణాల వల్ల వేర్వేరు కంపెనీల యంత్రాలను ఒకే చోట నుంచి చూడవచ్చు. నేను వెళ్లే ఆఫీసుల్లో ఎక్కువ చోట్ల ఈ పోర్టుకు కేబుల్ ఉండదు. డబ్బు పెట్టి కాపలాదారుణ్ని పెట్టుకుని, అతనికి ఫోన్ ఇవ్వకపోవడం లాంటిది ఇది. అయితే కేబుల్ పెట్టేటప్పుడు పాస్‌వర్డు మార్చండి, ఈ పోర్టును ఇంటర్నెట్‌కు నేరుగా తగిలించకండి. దీన్ని చేజిక్కించుకున్నవాడికి సర్వర్ ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టినంత అధికారం వస్తుంది.

చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ గురించి అడిగినవారికి నా నిజాయితీ గల అభిప్రాయం ఇది. ముగ్గురు మనుషుల దుకాణానికి, ఒక పూట ఆగినా చేత్తో బిల్లు రాసుకోగలిగిన చోటికి, ఆ కంప్యూటరూ, రోజూ తీసే బ్యాకప్పూ చాలు. సర్వర్ అక్కర్లేదు. ఒక గంట ఆగితే ఎంత నష్టమో మీరు లెక్క వేసుకుని, ఆ అంకె పెద్దదైతే ఈ యంత్రం కొనండి. కొన్నాక, మీ సమాచారం ఒక్క ముక్క కూడా ఎక్కించకముందే, తెచ్చిన ఇంజినీరును ఎదురుగా నిలబెట్టి ఒక ఫ్యాన్ తీయించండి, ఒక డిస్కు తీయించండి, ఒక పవర్ కేబుల్ లాగించండి. జంటలన్నీ నిజంగా జంటలేనా అన్నది ఆ పది నిమిషాల్లో తేలుతుంది, ఈమెయిల్ వస్తుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఆ పని ఇప్పుడు ఇక్కడే చేద్దాం. తొడుగు పెట్టి మూత వేస్తున్నాను. రెండు కేబుళ్లను ఈ గోడలో ఒకటి, ఆ గోడలో ఒకటి గుచ్చాం. ఆన్ చేసిన మొదటి నిమిషం ఫ్యాన్లన్నీ పూర్తి వేగంతో అరుస్తాయి, నా మాట వినపడదు, కంగారు పడకండి. అవి నెమ్మదించాక ముందు వరుసలోంచి ఎవరైనా ఒకరు వేదిక మీదికి వచ్చి, ఈ రెండు కేబుళ్లలో మీకు నచ్చినదాన్ని లాగండి.